విచారణ : తెలుగు కతోలిక సంఘమున ఆరాధనము, సమష్టి జీవనము

తెలుగునాట క్రైస్తవమును గూర్చి సాహిత్య విద్యార్థులు చర్చించునపుడు సామాన్యముగా కావ్యములు, బైబిలు అనువాదములు, నిఘంటు వ్యాకరణములు ప్రస్తావనకు వచ్చును. 18వ శతాబ్దివాడైన మంగళగిరి ఆనందకవి రచించిన వేదాంత రసాయనము మన సాహిత్య చరిత్రలలో స్థానము నొందియున్నది. కాని ఆదివారము ప్రొద్దున ఒక పల్లెలోని గుడియందు వంద మంది కూలి జనులు ఒక్క గొంతుతో పలుకు తెలుగును గూర్చి, ఆ పలుకుబడి వెనుకనున్న సమష్టి జీవనమును గూర్చి భాషాధ్యయనపరులు అంతగా శ్రద్ధ వహింపలేదు. ఆ లోపమును కొంతవరకైనను పూరింపవలెనన్న తలంపుతో ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. మత సిద్ధాంతముల మంచిచెడ్డలను నిర్ణయించుట మా ఉద్దేశము కాదు. ఒక ఆరాధనా సంఘము తన భాషను ఎట్లు కూర్చుకొన్నది, ఆ భాషలోని మాటలు ఆ సంఘపు నడవడికి ఎట్లు కొలబద్దలైనవి అను రెండు విషయములే మా పరిశీలనకు లక్ష్యములు.

1. విచారణ శబ్దము

ఒక గురువు పాలనలో, ఒక ప్రధాన దేవాలయము కేంద్రముగా ఏర్పడిన విశ్వాసుల సంఘమునకు ఆంగ్లమున పారిష్ అని పేరు. దానికి మూలమైన గ్రీకు శబ్దము పరోయికియా. పరాయిచోట, ఇతరుల ప్రక్కన కాపురముండుట అని దాని అర్థము. అది లాటినులో పరోకియా అయి, యూరపు భాషలు పెక్కింటికి వ్యాపించినది. పట్టణములలోని తెలుగు కతోలికులు నేడు 'పారిష్' అనుమాటనే వాడుచున్నను, గ్రామములందును, గ్రంథములందును దానికి సమానముగా నిలిచిన మాట 'విచారణ'. ఆ సంఘమును పాలించు గురువు 'విచారణ గురువు'. అనేక విచారణలు చేరినది మేత్రాసనము. దాని యధిపతి మేత్రాణి.

విచారణ యనగా నేటి వాడుకలో మనకు ముందుగా తోచునది న్యాయస్థానపు విచారణ. కాని ఈ శబ్దమునకు తెలుగున మరియొక అర్థము చిరకాలముగా కలదు. బాగోగులు కనిపెట్టుట, యోగక్షేమములు అరయుట, ఒక సంస్థను బాధ్యతతో నడపుట అను అర్థమున అది దేవాలయ పరిపాలనలో ప్రసిద్ధము. తిరుమల దేవస్థానమును 1843 మొదలు 1933 వరకు నిర్వహించిన హాథీరాంజీ మఠపు మహంతులు 'విచారణకర్తలు' అని వ్యవహరింపబడిరి. తమిళ కతోలికుల పాత వాడుకలోను 'విశారణై' అను రూపము ఇదే యర్థమున కనబడును.

ఇట ఒక విశేషము గమనింపదగినది. విచారణ అను మాట పరోకియాకు అనువాదము కాదు. పరోకియా యనగా నివాసము. విచారణ యనగా పని. లాటిను ధర్మశాస్త్రమున గురువుయొక్క బాధ్యతకు 'కూరా అనిమారుమ్' అని పేరు, ఆత్మల పోషణము అని దాని భావము. 'కూరా' యనగా శ్రద్ధ, అరయుట. విచారణ శబ్దము ఈ 'కూరా'కే సరియైన ప్రతిబింబమని మా అభిప్రాయము. 1917లో వెలువడిన కతోలిక ధర్మశాస్త్ర సంపుటి పారిష్‌ను ప్రధానముగా మేత్రాసనములోని ఒక భూభాగముగా నిరూపించినది. 1983 నాటి నూతన సంపుటి 515వ సూత్రమున దానిని ప్రజల సంఘముగా నిర్వచించినది. భూభాగమునుండి ప్రజలకు, ప్రజలనుండి వారియెడ వహింపవలసిన శ్రద్ధకు శాస్త్రదృష్టి మరలినదన్నమాట. తెలుగు పదమున ఆ శ్రద్ధ మొదటినుండియు ఉన్నది. అయితే పేరునందున్న గుణము ఆచరణయందును ఉన్నదా? ఈ ప్రశ్నకు వ్యాసాంతమున వత్తుము.

2. పదజాలము నడచి వచ్చిన త్రోవ

తెలుగు కతోలికుల ఆరాధనా పదజాలమున మూడు పొరలు స్పష్టముగా కనబడును.

మొదటిది పరభాషాపదముల పొర. 'స్లీవ' అను మాట సిరియాక్ భాషలోని 'స్లీబా'నుండి వచ్చినది. ఇతర క్రైస్తవుల 'సిలువ'కును మూలమదియే. 'మేత్రాణి'యు సిరియాక్ సంప్రదాయమునకు చెందినదే. మలయాళమున 'మెత్రాన్' అను రూపము నేటికిని వాడుకలో నున్నది. క్రీస్తు పునరుత్థానపు పండుగకు పేరైన 'పాస్క' హీబ్రూ, గ్రీకు, లాటినుల మీదుగా వచ్చిన మాట. 'పాదిరి' పోర్చుగీసు వారిది.

రెండవది తమిళము మీదుగా వచ్చిన సంస్కృత పదముల పొర. 1606లో మధురలో తన కృషి నారంభించిన ఇటలీదేశపు యేసుసభ గురువు రాబర్ట్ డి నోబిలి (1577–1656) తమిళ, తెలుగు, సంస్కృతముల నభ్యసించి, క్రైస్తవ భావములకు సంస్కృత శబ్దములతో పేర్లు కూర్చెను. 18వ శతాబ్ది యారంభమున ఫ్రెంచి యేసుసభవారు పుదుచ్చేరినుండి ఉత్తరమునకు బయలుదేరి, పుంగనూరు మొదలైన తావులందు కర్ణాటక మిషనును స్థాపించినపుడు ఆ పదసంపద వారితో తెలుగు సీమకు వచ్చినది. ఈ మిషనుకు చెందిన గాస్తోఁ కేర్దూ తెలుగున గొప్ప పండితుడు. సంస్కృతమునకు గ్రీకు లాటినులతో గల చుట్టరికమును గూర్చి 1767లోనే పారిసు పండితులకు వ్రాసి పంపినవాడు. ఇట్టి భాషావేత్తల చేతులమీదుగా వచ్చిన పదములగుటచేతనే వానియందు ఒక పద్ధతి కనబడును.

'జ్ఞాన' శబ్దము నుదాహరింతము. ఈ పరిభాషలో జ్ఞానమనగా తెలివి కాదు. ఆత్మ సంబంధమైనది అని యర్థము. దేహమునకు చేయునది స్నానము, ఆత్మకు చేయునది జ్ఞానస్నానము. కన్నవారు తల్లిదండ్రులు, జ్ఞానస్నానమున బిడ్డకు పూచీపడువారు జ్ఞాన తల్లిదండ్రులు. గుడిలో జరుగు పెండ్లి జ్ఞానవివాహము. ఒక్క విశేషణముతో లోకవ్యవహారమునకు సరిజోడైన ఒక బంధుత్వ వ్యవస్థ యంతయు నిర్మితమైనది. ఇతర క్రైస్తవ సంఘములవారు గ్రీకు పదమునే నిలిపి 'బాప్తిస్మము' అందురు. వారికి 'సువార్త' యైనది వీరికి 'సువిశేషము'. వారి 'పరిశుద్ధులు' వీరి 'పునీతులు'. ఒకే గ్రామమున ఇరుగుపొరుగున నున్న రెండు క్రైస్తవ సంఘముల చరిత్రలు వేరువేరని ఈ మాటలే చెప్పగలవు.

వ్యక్తినామములు ఇంతకంటె ఆసక్తికరములు. లాటినున పౌలుస్ అనగా చిన్నవాడు. కనుక పౌలు 'చిన్నప్ప' యయ్యెను. హీబ్రూలో యోహాను నామమునకు దేవుని కృప యని భావము; కృపకు తమిళమున 'అరుళ్' కనుక యోహాను 'అరుళప్ప' యయ్యెను. 1971 నుండి 2000 వరకు హైదరాబాదు అగ్రపీఠమును పాలించిన సామినేని అరుళప్ప గారి పేరున ఈ తమిళ పదము తెలుగు ఇంటిపేరుతో జతగూడియున్నది. రాయప్ప, జోజప్ప, ఇన్నయ్య, శౌరయ్య అను పేర్లు వరుసగా పీటరు, జోసెపు, ఇగ్నేషియసు, జేవియరులకు తెలుగు రూపములు. గుంటూరు మండలపు పల్లెలలో ఈ పేర్లు వినబడినచోట ఆ కుటుంబమునకు కతోలిక సంప్రదాయముతో సంబంధము కలదని పెద్దలు ఇట్టే గ్రహింతురు.

మూడవది దేశీయ దేవాలయ వ్యవహారమునుండి స్వీకరించిన పొర. దివ్యబలిని జనులు 'పూజ' యనియే యందురు. పీఠము, ప్రసాదము, అభ్యంగనము, ప్రదక్షిణము, తేరు అను మాటలన్నియు మనకు పరిచితములే. తపస్సు కాలారంభమున నొసట బూడిద నుంచు దినము 'విభూతి బుధవారము'. శైవుల పవిత్ర పదము రోమీయాచారమునకు పేరగుట భాషయొక్క ఔదార్యమునకు నిదర్శనము.

ఈ పదజాలములో నిలువలేక పోయినవియు కలవు. పూర్వపు సత్యోపదేశ గ్రంథములలో సంస్కారములకు 'దేవద్రవ్యానుమానములు' అను దీర్ఘ సమాసముండెను. ఇది తమిళ క్రైస్తవ పరిభాషకు ప్రతిరూపము. తెలుగువానికి 'అనుమానము' సందేహము గనుక ఆ మాట అపార్థమునకు తావిచ్చెడిది. నేడు దాని స్థానమున 'దివ్య సంస్కారములు' అనుమాట స్థిరపడినది. పండితులు కూర్చిన మాటలలో ఏది బ్రతుకవలెనో నిర్ణయించునది జనుల నోరే యనుటకు ఇదియొక సాక్ష్యము.

3. లాటిను పూజ, తెలుగు జపము

1570లో ఐదవ భక్తినాథ పోపు ప్రకటించిన పూజాగ్రంథము దాదాపు నాలుగు వందల సంవత్సరములు రోమీయాచారమును శాసించెను. ఆ కాలమంతయు తెలుగు పల్లెలోను పూజ లాటినుననే జరిగెను. గురువు పీఠమువైపు మొగముంచి లాటినున ప్రార్థించుచుండగా వెనుక జనులు తెలుగున జపమాల చెప్పుచు, కీర్తనలు పాడుచు ఉండెడివారు. ఒకే కప్పు క్రింద రెండు ఆరాధనలు సమాంతరముగా నడచెడివి. గంట మ్రోగినపుడు మాత్రము ఆ రెండును కలిసెడివి.

కావున తెలుగు జపములు లాటిను పూజకు అనువాదములుగా పుట్టినవి కావు. అవి జనుల స్వంత సొత్తుగా వేరొక త్రోవన పెరిగినవి. ఆ సొత్తును కాపాడినవాడు ఉపదేశి. గురువు ఒక్కడు, ఊళ్లు పెక్కు. గురువు గ్రామమునకు వచ్చుట ఎప్పుడో యొకనాడు. తక్కిన దినములలో జనులను కూడదీసి జపము చెప్పించుట, బిడ్డలకు సత్యోపదేశము నేర్పుట, అవసానకాలమున నున్నవాని చెంత ప్రార్థించుట, గురువునకు కబురంపుట ఉపదేశి విధులు. చదువురాని వారికి అతడొక ముక్క చెప్పగా వారు మరల చెప్పుటయే పాఠము. పరలోక జపము, మంగళవార్త జపము, విశ్వాస సంగ్రహము ఈ విధముగా తరతరములు కంఠస్థములైనవి. ఈ ముఖతః పరంపర మన వీధిబడులలోని వల్లెవేత పద్ధతికి సోదరి వంటిది.

ఈ జపముల భాషలో మేము ముఖ్యముగా గుర్తించిన దొకటి కలదు. ఇతర క్రైస్తవ సంఘముల తెలుగు ప్రార్థనలలో దేవుని 'నీవు' అని సంబోధింతురు. కతోలికుల ప్రసిద్ధ జపములలో దేవుని, దేవమాతను 'మీరు' అని సంబోధింతురు. ప్రభువునకు 'ఏలినవారు' అను సంస్థానపు గౌరవవాచకము వాడబడినది. రాజుల, జమీందారుల కొలువులలో వినబడిన మాట జపమున దేవుని పరమైనది. భక్తి వాఙ్మయమున దేవునితో నీవు నేనను చనువు మనకు సహజము కదా! దానితో పోల్చినచో ఈ 'మీరు' వేరొక లోకమునుండి వచ్చిన మాట. ఊరి పెద్దను 'ఏలినవారు' అని పిలువక తప్పని కూలివాడు ఆ మాటను గుడిలో వేరొకరికి అర్పించినపుడు అతని మనసున ఏ భావము కదలెడిదో! అది అణకువయే కావచ్చును; నిజముగా ఏలెడివాడు మరియొకడు కలడన్న ధైర్యమును కావచ్చును. ఈ రెండర్థములకును ఆ మాటలో తావున్నదని మాత్రము మేము చెప్పగలము.

రెండవ వాటికన్ మహాసభ (1962–65) ఈ ద్వంద్వమునకు ముగింపు పలికెను. ఆ సభ 1963 డిసెంబరు 4న వెలువరించిన ఆరాధనా శాసనము దేశభాషలకు ద్వారము తెరచినది. 1969లో ఆరవ పౌలు పోపు ఆమోదించిన నూతన పూజాక్రమము అనంతరము తెలుగు పూజ సార్వత్రికమైనది. గురువు జనులవైపు తిరిగెను. అంతవరకు పూజను 'వినుచుండిన' జనులు పూజయందు బదులు 'పలుకుట' కారంభించిరి. ఈ మార్పు భాషకు సంబంధించినది మాత్రమే కాదు; సంఘమున ఎవరికి నోరున్నది అను ప్రశ్నకును సంబంధించినది. నాడు పరిచారకుడొక్కడు లాటినున చెప్పెడి బదులును నేడు గుడియంతయు తెలుగున చెప్పుచున్నది.

4. ఆదివారపు పూజ

నేటి పూజలో రెండు ప్రధాన భాగములు కలవు. మొదటిది దైవవాక్కు విభాగము. పూర్వనిబంధననుండి యొక పఠనము, కీర్తన, అపోస్తలుల లేఖలనుండి యొక పఠనము, పిమ్మట సువిశేషము, దానిపై ప్రసంగము. ఆదివారపు పఠనములు మూడేండ్లకొకసారి ఆవృత్తమగునట్లు ఏర్పరుపబడినవి. మొదటి రెండు పఠనములను జనులలోనివారే చదువుదురు. వ్యవసాయ కూలి కుమార్తె వందలమంది యెదుట నిలిచి శిష్టమైన తెలుగును స్పష్టముగా చదువుట ఇట సామాన్య దృశ్యము. గ్రామీణులకు గ్రాంథికచ్ఛాయగల భాషతో వారము వారము పరిచయము కల్పించు తావులలో ఇదియొకటి. తెలుగు బోధకులు దీని నుపేక్షింపరాదు.

రెండవది బలి విభాగము. అప్పద్రాక్షరసములను అర్పించుట, గురువు స్తోత్రయాగ ప్రార్థన చెప్పుట, పరలోక జపము, సమాధాన వందనము, దివ్యసత్ప్రసాద స్వీకారము అందలి క్రమము. ప్రతి ఆదివారమును, ముఖ్య పండుగలందును విచారణ గురువు తన విచారణలోని ప్రజలందరి పక్షమున పూజ సమర్పింపవలెనని ధర్మశాస్త్రము (534వ సూత్రము) విధించుచున్నది. ధనమిచ్చి పూజ చేయించుకొనలేని వానికిని ఆ పూజలో భాగము కలదన్నమాట.

చిన్న నియమములే కూలి జనుల ఆరాధనను ఎంతగా మార్చినవో చూడుడు. పూర్వము దివ్యసత్ప్రసాదము స్వీకరింపదలచినవాడు అర్ధరాత్రినుండి మంచినీరైనను ముట్టరాదు, పూజలును ప్రాతఃకాలముననే. పొలము పిలిచెడి వేళ, గుడి పిలిచెడి వేళ ఒక్కటేయై కూలి జనులకు సంకటముగా నుండెను. 1953లో పన్నెండవ భక్తినాథ పోపు నీరు త్రాగుట ఉపవాసభంగము కాదనియు, నియమితముగా సాయంకాల పూజ జరుపవచ్చుననియు అనుమతించెను. 1957లో ఉపవాసము మూడు గంటలకును, 1964లో ఒక గంటకును తగ్గెను.

భారతీయ ఆచారములను పూజలో ప్రవేశపెట్టుటకు 1969లో రోము పండ్రెండు అంశములను ఆమోదించినది. నేలపై కూర్చుండుట, అంజలి ఘటించుట, పంచాంగ ప్రణామము, నూనెదీపము, హారతి అందలివి. నగరములందు దీనిపై కొంత వాదము చెలరేగినది. కాని తెలుగు పల్లెలోని గుడిలో జనులు అంతకుముందే చెప్పులు బయట విడిచి, స్త్రీలొక వైపు, పురుషులొక వైపు చాపలపై కూర్చుండెడివారే. వారికి ఆ యుత్తరువులో కొన్ని భాగములు క్రొత్తవి కావు.

5. సంవత్సర చక్రము

ఆగమన కాలముతో ఆరంభమై క్రిస్మసు, విభూతి బుధవారము, తపస్సు కాలము, మ్రానికొమ్మల ఆదివారము, పవిత్ర వారము, పాస్క, పెంతెకోస్తు, ఆగస్టు 15న మరియమాత మోక్షారోపణము, నవంబరు 2న మృతుల స్మరణము అను క్రమమున సంవత్సరము తిరుగును. తపస్సు కాలపు శుక్రవారములలో పదునాలుగు స్థలముల స్లీవమార్గము జరుగును. నవంబరు 2న సమాధులకు సున్నము కొట్టి, పూలుంచి, క్రొవ్వొత్తులు వెలిగింతురు; దూరదేశములనుండియు బంధువులు వత్తురు.

ప్రతి విచారణకును ఒక పాలక పునీతుని లేక పునీతురాలి పండుగ కలదు. తొమ్మిది దినముల నవదిన ప్రార్థనలు, జెండా ఎత్తుట, చివరి రాత్రి వీధులలో తేరు ప్రదక్షిణము దాని లక్షణములు. కొండవీటి సీమలోని ఫిరంగిపురము ఇట్టి సంప్రదాయములు గల ప్రాచీన కేంద్రములలో నొకటి. 1773లో యేసుసభ రద్దయిన పిమ్మట గురువుల రాక అరుదైనను, 1875లో లండనునందలి మిల్‌హిల్ సభవారు ఈ సీమకు వచ్చి పని చేపట్టువరకు ఇచ్చటి కుటుంబములు జపములను విడువలేదు. గురువులేని కాలమున సంఘమును నిలిపినది నోటనున్న తెలుగు జపమే యనుటకు ఇంతకంటె బలమైన నిదర్శనము దొరకదు.

విచారణ హద్దులు దాటి లోకోత్సవమైన దానికి విజయవాడ చెంతనున్న గుణదల ఉదాహరణము. 1924లో ఇటలీదేశీయుడైన అర్లాటి గురువు అచట కొండపై మరియమాత స్వరూపమును నెలకొల్పెను. ఏటేట ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరుగు తిరునాళ్లకు మతభేదము లేక జనులు వత్తురు, మ్రొక్కుబడులు చెల్లింతురు, తలనీలాలు సమర్పింతురు. ఆచారము ఏ గుడినుండి ఏ గుడికి వచ్చినదని అచట ఎవరును అడుగరు.

6. పుస్తకములు, పరామర్శలు

ఆరాధన ముగిసిన పిదపనే విచారణ యను మాటకు పరీక్ష మొదలగును. ట్రెంటు మహాసభ 1563లో గురువులు వివాహముల పుస్తకమును, జ్ఞానస్నానముల పుస్తకమును ఉంచవలెనని ఆజ్ఞాపించెను. నేటి శాస్త్రము ప్రకారము జ్ఞానస్నాన, వివాహ, మరణముల పుస్తకములు ప్రతి విచారణయందు నుండవలెను. ఒకని వివాహము అతని జ్ఞానస్నానపు పద్దునకు ప్రక్కన తిరిగి నమోదగును. ఊరువిడిచి పోయినవాని జీవితమును పుట్టిన విచారణ మరువకుండుటకు ఇది యుపాయము. ప్రభుత్వపు జనన నమోదు సరిగా లేని కాలములందు నిరుపేద కుటుంబముల పేర్లు వ్రాతలో నిలిచిన పుస్తకములలో ఇవి ముఖ్యములు.

వివాహమునకు ముందు గుడిలో ప్రకటనము చేయుదురు. అడ్డంకి తెలిసినవారు చెప్పవలెను. గురువు మంగళసూత్రమును ఆశీర్వదింపగా వరుడు వధువు మెడలో కట్టును. 1833లో పారిసులో పుట్టిన విన్సెంట్ డి పాల్ సంఘపు శాఖలు పేదల యిండ్లకు పోయి సాయపడుచుండును. 1904లో నెదర్లాండ్స్‌నుండి గుంటూరునకు వచ్చిన యేసు మరియ జోజప్ప సభ కన్యకలు విద్యా వైద్యములలో చేసిన సేవ ప్రసిద్ధము. 529వ సూత్రము గురువు కుటుంబములను దర్శింపవలెననియు, వారి కష్టములలో, మరణదుఃఖములలో పాలుపంచుకొనవలెననియు, బీదలను, ఒంటరివారిని ప్రత్యేకముగా వెదకి కలియవలెననియు చెప్పుచున్నది. ఇది విచారణ శబ్దమునకు వ్యాఖ్యానము వలె నున్నది.

7. గడప దాటుట

వ్యాసారంభమున నిలిపియుంచిన ప్రశ్నకు ఇక వత్తుము. ఈ అరయుట అందరికిని సమముగా అందినదా?

చరిత్ర సూటిగా సమాధానము చెప్పుచున్నది. 1704లో పోపు ప్రతినిధి ద తుర్నోఁ పుదుచ్చేరిలో మధుర, మైసూరు, కర్ణాటక మిషనుల గురువులకు ఒక శాసనము నొసగెను. అందలి యాజ్ఞలలో నొకటి, అస్పృశ్యులుగా నెంచబడువారు జబ్బుపడినపుడు గురువులు వారి యిండ్లకే పోయి సంస్కారముల నొసగవలెనని. ఆజ్ఞ పుట్టినదనగా ఆ గడపలు దాటబడుట లేదనియే కదా! అగ్రవర్ణములు దూరమగునన్న భయమే అందుకు కారణము. ఈ వివాదము నలుబదియేండ్లు సాగెను. 1744లో పదునాల్గవ బెనెడిక్టు పోపు తన శాసనమున, ఆ జనులకై ప్రత్యేకముగా వేరు గురువులను నియమింతుమన్న యేసుసభవారి యేర్పాటును అంగీకరించెను. గడప దాటబడినది; కాని గురువు రెండుగా చీలెను. పేరు విచారణయే, అరయువారు మాత్రము వేరువేరు.

19వ శతాబ్ది యుత్తరార్ధము మొదలు మాల మాదిగ కుటుంబములు వేలకొలది క్రైస్తవ సంఘములలో చేరిన పిదప తెలుగు విచారణల స్వరూపమే మారినది. అయినను ఊరికిని పల్లెకును నడుమనున్న దూరము గుడిలోపలికిని వచ్చినది. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసినది. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అది విస్తరించినను క్రైస్తవులకు వర్తింపలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతుల 'సి' వర్గమున నున్నారు. రాజ్యాంగము దృష్టిలో వారి కులము మారినది. ఊరి దృష్టిలో మారలేదు.

భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో వెలువరించిన దళిత విధాన పత్రము సంఘమున అంటరానితనపు ఆచారములు ఇంకను కలవని బహిరంగముగా నంగీకరించినది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోని గారు కార్డినలుగా నియుక్తులైరి. తెలుగువారిలోను, దళితులలోను ఆ పదవి నందిన ప్రథములు వారే. 1704లో ఏ గడపను దాటుటకు శాసనము కావలసివచ్చినదో, ఆ గడపలకు చెందిన జనులనుండియే ఒకరు ఆ పీఠము నధిష్ఠించుటకు మూడు వందల ఏండ్లు పట్టినది. ఈ నియామకము గొప్పదే. కాని విచారణకు నిజమైన పరీక్ష రోమునగరమున జరుగదు. శ్మశానమున సమాధులు ఒక్క వరుసన నున్నవా, పండుగనాడు తేరు ఏ వీధి మలుపున వెనుదిరుగుచున్నది అను చిన్న ప్రశ్నలలోనే అది జరుగును.

8. పరిశోధకులకు

ఈ విషయమున తెలుగు శాఖలు చేయదగిన పని విస్తారముగా నున్నది. లాటిను పూజకాలపు జపములను కంఠస్థముగా నెరిగిన వృద్ధులు దినదినము తరిగిపోవుచున్నారు. వారి నోటి పాఠములను, పలుకుబడులతో సహా వెంటనే సేకరింపవలెను. ముద్రిత పాఠమునకును, పల్లెలో పలుకు పాఠమునకును గల భేదములు ధ్వనిశాస్త్రమునకు మంచి సామగ్రి. విచారణ పుస్తకములలోని పేర్లను దశాబ్దముల వారిగా పరిశీలించినచో చిన్నప్ప, రాయప్పలు తగ్గి ఆంగ్లనామములు ఎప్పుడు హెచ్చినవో, ఏ కుటుంబములు ఏ సీమనుండి వలసవచ్చినవో తెలియును. అయితే అవి జీవించియున్నవారి కుటుంబములకు సంబంధించిన వ్రాతలు గనుక అనుమతితో, గోప్యతతో వ్యవహరింపవలెను. ఉపదేశుల జీవితములు, కీర్తనల వరుసలు, తేరు ఉత్సవపు పరిభాష వేరువేరుగా గ్రంథములు వ్రాయదగిన విషయములు.

మాటలు సంఘములను తీర్చిదిద్దునా, సంఘములు మాటలను తీర్చిదిద్దునా యను చర్చ పాతది. మా పరిశీలనలో తేలినంతవరకు, ఒక సంఘము తన్ను తాను పిలుచుకొన్న పేరు దానికి అలంకారము కాదు, అప్పు. అరయుట అను అర్థముగల మాటను పేరుగా నుంచుకొన్న సంఘము, అరయబడనివాడు ఒక్కడు మిగిలియున్నంతవరకును ఆ అప్పును తీర్చుచునే యుండవలెను.